ఆరని షాబాదు బండలు

శాలిబండలో ఆ గల్లీవాళ్ళు గోదను మహా భక్తురాలనేవాళ్ళు. ఆమెకు భక్తి లేదు. ఉన్నదల్లా అసహ్యం. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ రెండింటికీ తేడా ఎవరూ పసిగట్టలేదు, ఎందుకంటే రెండూ చేయించే పని ఒక్కటే. పొద్దున నాలుగు బకెట్లు, సాయంత్రం నాలుగు బకెట్లు. వాకిట్లో పరిచిన షాబాదు బండల మీద ఒక్క ఆకు, ఒక్క మరక, ఒక్క కాకిరెట్ట ఉండకూడదు.

ఆమె భర్త సదాశివ గల్లీ చివరి శివాలయంలో అర్చకుడు. తాత చేసిన సేవ తండ్రికి, తండ్రి చేసింది ఈయనకు వచ్చింది. తెల్లవారుతూనే స్నానం చేసి, తడిబట్టతో స్నానాల గది నుంచి వీధి గుమ్మం దాకా నడుస్తాడు. ఆ ఇరవై అడుగులూ కడిగి ఉండాలి, లేకపోతే మడి మైలపడుతుంది. మడి ఆయనది, దానికి కావలసిన నీళ్ళు మోసేది ఆమె. ఆ ఇంట్లో పుణ్యం పంపకం అట్లా జరిగింది.

గోదకు దేవుడి మీద కోపం ఏమీ లేదు. కాని భక్తులు నిలబడేది గర్భగుడి ముందు, అర్చకుడి భార్య నిలబడేది వెనక. అభిషేకమైన పాలు, పెరుగు, తేనె, అరటిపండు గుజ్జు కలిసి తూములోంచి కారి మధ్యాహ్నానికి ఎట్లా పులుస్తాయో, ఆ తూము చుట్టూ ఎన్ని ఈగలు ముసురుతాయో, మూడు రోజులు నానిన మారేడు దళాలు చేతికి ఎట్లా జారుతాయో ఆమెకు తెలుసు. ఇక ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె ఉద్యోగం చేసిన సర్కారీ ఆఫీసు సంగతి చెప్పనే అక్కరలేదు. అక్కడ మగవాళ్ళు వేలికి ఉమ్మి తడి చేసుకుని ఫైళ్ళు తిప్పేవాళ్ళు. గోద ప్రతి కాగితాన్నీ అంచు పట్టుకుని, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తేది. ఇంటి నుంచి తన గ్లాసు తానే తెచ్చుకునేది. రిటైరైన రోజున వేసిన దండను వీధి మలుపు దాకా మోసి చెత్తకుండీలో వేసింది, ఎందుకంటే ఆ పూలను ఎవరి చేతులు కట్టాయో ఆమెకు తెలియదు.

ఇట్లాంటి మనిషి వాకిట్లోకి మూడు కోళ్ళు వచ్చాయి.

అవి డానియేలువి. డానియేలు మేడ మీది వాటాలో ఇరవై ఆరేళ్ళుగా కిరాయికున్నవాడు. పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ఎప్పుడూ మైదాపిండి జిగురు వాసన కొట్టే మనిషి. భార్య పోయిన ఏడాదికి కోళ్ళ బజారు ముర్గీచౌక్ నుంచి గంపలో పెట్టుకుని ఒక పుంజును, రెండు పెట్టలను తెచ్చాడు. పొట్టి జాతి, బాంటమ్ కోళ్ళు. ఒక్కొక్కటి పావురం కంటే కాస్త పెద్దది. వాటి విశేషం కాళ్ళలో ఉంది. మోకాలి నుంచి వేళ్ళ దాకా ఈకలు, బూట్లు తొడిగినట్టు. పుంజుకు దొర అని పేరు పెట్టాడు. మిద్దె మీద కర్రపెట్టెలో, మందంగా పరిచిన వరి ఊక మీద ఆ దొర మూడేళ్ళు హాయిగా బతికాడు.

డానియేలుకు మోకాలి ఆపరేషన్ పడింది. రెండు నెలలు బొల్లారంలో తమ్ముడింట్లో ఉండాలి. కోళ్ళను చూసుకోమని గోదను అడిగే ధైర్యం లేక, గుడి నుంచి వస్తున్న సదాశివను గుమ్మంలో పట్టుకున్నాడు. సదాశివ ఆమె ముఖం వైపు చూడకుండానే, ప్రాణి కదా, ఉండనియ్యమన్నాడు. దయ చూపించడానికి ఆయనకు అర నిమిషం పట్టింది. కోడిరెట్ట ఎత్తే పని మాత్రం ఎవరిదో ఆయన చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

మిద్దె ఎక్కి దిగడం గోద వల్ల కాదు గనక కర్రపెట్టె మెట్ల కిందికి దిగింది. దాంతో పాటు రెండు సంచుల ఊక. కింద ఊక పరవాలమ్మా, తడి అయితే మార్చాలె అని డానియేలు వెళ్తూ రెండుసార్లు చెప్పాడు. గోద సరేనంది. సంచుల మూతులకు కట్టిన సుతిలి అట్లాగే ఉంచింది. కడిగిన బండల మీద తన చేతులతో తాను పొట్టు చల్లుకోవడమా? కోడికి ఊక అక్కరలేదు, శుభ్రత కావాలి అని ఆమె తీర్మానం.

కోళ్ళు తిన్నంత సేపట్లోనే రెట్టలేస్తాయని ఆమెకు తెలియదు. తెల్లగా, పచ్చగా, కొన్నిసార్లు కాఫీ రంగులో, నురుగుతో. మొదటి రోజు చూసి అన్నం తినలేదు. నాలుగు బకెట్లు ఆరయ్యాయి, రెండు పూటలు నాలుగయ్యాయి. వారం తిరిగేసరికి ప్రతి బకెట్లో ఒక మూత ఫినాయిలు. బండలు ఆరే సందు లేదు. కోళ్ళు ఎటు వెళ్ళినా తడే. పెట్టలు తెలివిగా మెట్లెక్కి కూర్చునేవి. దొరకు మాత్రం వాకిలి తనదేననే ధీమా. తడి బండల మీదే పహారా తిరిగేవాడు. బూట్ల ఈకలు ఇల్లు తుడిచే గుడ్డల్లా నానిపోయి వేళ్ళకు అంటుకుపోయాయి.

గుడికి పూలిచ్చే ఎల్లమ్మ వాకిట్లో తొంగిచూసి, కోళ్ళున్న ఇల్లంటే నమ్మబుద్ధి కాదమ్మ, గీ తల్లి చేతుల మహిమ అని మెచ్చుకుంది. ఆ మెప్పు గోదకు తీయగానే ఉంది. ఇంకో మూత ఫినాయిలు పోసింది.

మూడో వారంలో దొర ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టాడు. వయ్యారం అనుకుంది. రెండు రోజులకు కూత తగ్గింది. ఆ తర్వాత కింది మెట్టు మీంచి దిగడం మానేసి, గింజలు అక్కడికే తెమ్మన్నట్టు చూసేవాడు. గోద చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. కుడి కాలు పాదం ఉబ్బి, వేళ్ళ మధ్య సందు లేకుండా పోయింది. అడుగున, మనుషులకు ఆనెకాయ కాసే చోట, చింతగింజంత నల్లటి పెచ్చు. చుట్టూ తోలు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. వాసన కూడా వచ్చింది. గుడి తూము వాసన, ఫినాయిలు వాసన కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి చేతులు కడుక్కుంది. తాకలేదు, అయినా కడుక్కుంది.

ఆదివారం చర్చి అయ్యాక డానియేలు వీడియో కాల్ చేస్తాడు. తన ఆపరేషన్ గురించి ఒక్క ముక్క, దొర గురించి పది ముక్కలు. మా ఆమె పోయినంక ఇగ నువ్వేరా అన్నట్టు, అన్నం తిన్నవా బిడ్డా అని పుంజును అడుగుతాడు. ఆ ఆదివారం గోద ఫోను పట్టుకుని, ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు బొమ్మ తీసినట్టు, దొరను ఛాతీ నుంచి పైకి చూపించింది. కాళ్ళు తెరలోకి రానివ్వలేదు. మంచిగున్నడు కదమ్మా అంటే మంచిగనే ఉన్నడంది. ఫోను పెట్టేశాక ఆమెకు మొదటిసారి తన మీద ఒక రకమైన జుగుప్స కలిగింది. అది ఎక్కువసేపు ఉండనివ్వకుండా వాకిలి కడిగింది.

సదాశివకు విషయం తెలిసి బాధపడ్డాడు. బాధపడ్డప్పుడు ఆయన ఏం చేస్తాడో అదే చేశాడు. గుడి నుంచి రాగిచెంబులో అభిషేక తీర్థం తెచ్చి, గోద వంటింట్లో ఉండగా, దొర పాదం మీద పంచామృతం ధారగా పోసి, పైన విభూతి అద్ది, మంత్రం చదివి వెళ్ళిపోయాడు. గంట తర్వాత ఆమె వచ్చి చూసేసరికి కోడి కదలడం లేదు. పాదానికి ఎర్రచీమలు పట్టాయి. మెట్టు అంచు నుంచి కాలి దాకా వరస కట్టి, పెచ్చు పక్కన పగిలిన తోలులోకి దూరుతూ, తేనె అంటిన ఈకల్లో లుకలుకలాడుతూ ఉన్నాయి. దొర ఆ కాలును పైకెత్తడానికి ఓపిక లేక, తలకాయ ఒక పక్కకు వాల్చి ఆమెను చూశాడు.

గోద వాకిలి తూము దగ్గరికెళ్ళి కక్కుకుంది. తిరిగొచ్చి, చీమలను ఒక్కొక్కటే వేళ్ళతో ఏరింది. చేతులు కడుక్కునేంత సేపు ఆగితే ఇంకో పది చీమలు ఎక్కుతాయి గనక మధ్యలో కడుక్కోలేదు.

సాయంత్రం వచ్చిన భర్తతో ఒక్కటే మాటంది. "ఇంకోసారి దీని మీద తీర్థం పోసిన్రంటే, ఆ చెంబు మీ నెత్తి మీద పోస్త."

మర్నాడు కూరగాయల బుట్టలో పుంజును కూర్చోబెట్టి, పైన సదాశివ పాత మడిపంచె కప్పి, షేరింగ్ ఆటో ఎక్కింది. బుట్టల ఏమున్నయమ్మా, వంకాయలా అని పక్కనున్న బురఖా ఆవిడ అడిగింది. అంతవరకు వారం రోజులుగా నోరెత్తని దొర అప్పుడే కూశాడు. ఆటో మొత్తం నవ్వింది. ఈ వంకాయ మస్తు తాజాగుందన్నాడు డ్రైవరు. గోద రోడ్డు వైపు ముఖం తిప్పుకుంది. ఎన్ని వేల మంది కూర్చుని లేచిన సీటో అది.

ముర్గీచౌక్ ఆమె అసహ్యాలకు రాజధాని. జాలీల పంజరాల మీద పంజరాలు, పై పంజరం రెట్ట కింది పంజరం మీద, దాని కింద నీళ్ళు, నీళ్ళలో ఈకలు, పక్క వరసలో కత్తుల చప్పుడు. పది అడుగుల సందులో ఆమె నలుగురికి తగిలింది. పొట్టికోళ్ళు అమ్మే ముక్తార్ బోర్లించిన పంజరం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. డానియేలుకు ఈ మూడింటినీ అమ్మినవాడు ఆయనే. పుంజును చూడగానే గుర్తుపట్టి, చాయ్ గ్లాసు కింద పెట్టి, ఒడిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పాడు. పాదం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గోద కళ్ళు మూసుకుంది.

"అమ్మా, దీన్ని ఎవరు పెంచుతున్నరు?"

"మా కిరాయిదారు. డానియేలు."

"అది కాదు. కడుగుతున్నది ఎవరు?"

గోద చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఫినాయిల్ వాసన నా ముక్కు దాకా వస్తున్నది. మీకు చెప్పులున్నయి, దీనికి లేవు కదమ్మా. రోజంతా తడి బండ, తడి ఈకలు. తోలు నాని మెత్తగైతది. చిన్న గీత పడ్తది. లోపల పీప్ జమైతది, చీము. పైన తాళం వేసినట్టు ఈ పెచ్చు." నల్లటి మచ్చ చుట్టూ బొటనవేలితో నొక్కి చూపించాడు. "గందగీ సే నై అమ్మా, సఫాయీ సే. మురికితోని కాదు, మీ సఫాయితోని పాడైంది."

చుట్టుపక్కల నాలుగు దుకాణాల రెట్ట కాళ్ళకు అంటుకుని ఉండగా ఆమె ఈ మాట వింది. కోపం రావాలి. రాలేదు. దొర కాలును మళ్ళీ చూసింది.

ముక్తార్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, పక్క దుకాణంలో రెండు నిమిషాల పని. రెండోది మూడు వారాల పని. రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పాదం పావుగంట నాననివ్వాలి, పెచ్చు మెత్తబడ్డాక తీసి, లోపలి గడ్డను పూర్తిగా లాగాలి, అయోడిన్ పెట్టి కట్టుకట్టాలి, పశువుల డాక్టరు రాసిచ్చే మందు వేయాలి. అన్నిటికన్నా ముందు, పొడి నేల. చుక్క నీళ్ళు తగలొద్దు.

మీరే చేసిపెట్టండని గోద అడిగింది. ఆయన తన చేతులు చాపి చూపించాడు. "ఈ లావు వేళ్ళతోని చేస్తే కాలే ఊడొస్తది. మీ వేళ్ళు సన్నగున్నయి. డరో మత్, భయపడకండి."

ఇంటికొచ్చి మొదట సంచి సుతిలి కోసింది. ఊక దుమ్ము లేచి ముక్కులోకి, కళ్ళలోకి, జాకెట్టులోకి పోయింది. మెట్ల కింద నుంచి సగం వాకిలి దాకా జానెడు మందాన పరిచింది. ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. స్నానం చేసింది, మళ్ళీ వచ్చి చూస్తే మళ్ళీ స్నానం చేయాలనిపించింది.

మర్నాడు తెల్లవారి సదాశివ తడిబట్టతో స్నానాల గది గడప మీద నిలబడిపోయాడు. వాకిలి కడగలేదు. ఊక పరిచి ఉంది. ఎట్లా నడవాలని అడిగాడు. అర్చనకు ఆలస్యమవుతుందన్నాడు. ఇన్నేళ్ళలో ఇట్లా ఎన్నడూ కాలేదన్నాడు. గోద ఖాళీ బకెట్టు తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టింది.

"గోడ పక్కపొంటి రెండడుగుల వెడల్పు మీరే కడుక్కోండి. ఒక్క చుక్క ఇటు రావద్దు."

"నేను మడిల ఉన్న గోదా."

"ఎవల మడి వాళ్ళే కడుక్కుంటే ఇంకా మంచిదట కద."

ఆయన కడుక్కున్నాడు. రెండో రోజూ కడుక్కున్నాడు. మూడో రోజు నడుం పట్టింది. నాలుగో రోజు, నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలని శాస్త్రంలో ఉన్నట్టు ఆయనకు గుర్తొచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ శ్లోకం ఎక్కడ దాక్కుందో గోద అడగలేదు. ఆమె ఆయన వైపు చూసిన చూపులో, దొర పాదాన్ని చూసినప్పుడు లేనంత ఏహ్యం ఉంది.

ఎల్లమ్మ మళ్ళీ తొంగిచూసింది. ఏందమ్మ వాకిలి గిట్ల పెట్టుకున్నవు, పానం మంచిగ లేదా అనడిగింది. భక్తి ఎటు పోయిందని అడగలేదు గాని, పూలపొట్లం గుమ్మం బయటే పెట్టి వెళ్ళింది.

రోజూ మధ్యాహ్నం గోద పీట వేసుకుని, దొరను పాత మడిపంచెలో చుట్టి ఒడిలో ఇరికించుకుని, ప్లాస్టిక్ మగ్గులో వాడి కాలు ముంచేది. మొదటి రోజు గోరు గీసుకుపోయింది. రెండో రోజు వాడు ఆమె ఒడిలోనే రెట్ట వేశాడు. మూడో రోజు నిద్రపోయాడు, అది ఇంకా అసహ్యంగా ఉంది. ఆ వెచ్చదనం, ఆ పేల వాసన, పంచె లోపల టకటకమని కొట్టుకునే ఆ చిన్న గుండె. పశువుల డాక్టరు కాలు చూసి, పెచ్చు తనంతట తాను లేచే దాకా లాగొద్దని చెప్పి మందు రాసిచ్చాడు. ఆరో రోజున పెచ్చు అంచు లేచింది. గోద వేడినీళ్ళలో కాచిన సన్న పట్టకారు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా లాగింది. పెచ్చుతో పాటు దానికి వేలాడుతూ లోపలి గడ్డ వచ్చింది. ఎండిన జున్నుముక్కలా పసుపుగా, గట్టిగా, కొసన దారాలతో. వెనక శనగగింజ పట్టేంత గుంట, అందులో కొంచెం నెత్తురు.

గుమ్మంలో నిలబడ్డ సదాశివ శివ శివా అని ముఖం తిప్పుకున్నాడు. గోద తిప్పుకోలేదు. తిప్పుకుంటే గడ్డలో సగం లోపలే ఉండిపోతుంది. వేలితో గుంట అంచు నొక్కి, మిగిలింది కూడా లాగి, అయోడిన్ పోసి, గాజుగుడ్డ చుట్టింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆమె జున్ను ముట్టలేదు.

తర్వాతి ఆదివారాలు కూడా ఫోనులో దొర ఛాతీ నుంచి పైకే కనిపించాడు. గాయం పూడుతోంది. కుంటుతూనే మళ్ళీ పహారా మొదలుపెట్టాడు. ఇక ఎవరికీ చెప్పవలసిన పనే లేదు. ముక్తార్‌కు తెలుసు, సదాశివకు తెలుసు, వాళ్ళెవరూ అనరు. పుంజు అన్న తర్వాత కాలికి ఏదో తగిలి ఉంటుంది. ఆ అబద్ధం ఆమె నోట్లో సిద్ధంగా, శుభ్రంగా ఉంది.

తొమ్మిదో వారం డానియేలు చేతికర్రతో దిగాడు. ఆటో దిగి, ఇంట్లోకి రాకుండా, నేరుగా మెట్ల దగ్గరికి పోయాడు. దొర అటు నుంచి వంకరగా ఉరికొచ్చాడు. డానియేలు కర్రను గోడకు ఆనించి, అతి కష్టం మీద వంగి, పుంజును ఎత్తి చంకలో పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. గోదకు ఆ నీళ్ళూ నచ్చలేదు. ఆయన వేళ్ళు బూట్ల ఈకల కిందికి పోయి, పాదం అడుగున గట్టిపడ్డ మచ్చ మీద ఆగాయి.

"దెబ్బ తాకిందా ఏంది? ప్రభువు కాపాడిండు."

"ప్రభువు కాదు, నేనే కాపాడిన," అంది గోద. అక్కడితో ఆపితే సరిపోయేది. "పాడుచేసింది కూడా నేనే. మూడు వారాలు నీ ఊక సంచి ఇప్పలే. రోజుకు నాలుగుసార్లు ఫినాయిలుతోని కడిగిన. కాలు కుళ్ళింది."

డానియేలు మచ్చను మళ్ళీ ఒకసారి తడిమాడు.

"ఫోన్ల కాళ్ళెందుకు చూపిస్తలేవా అనుకున్న," అన్నాడు. "చచ్చిందేమో, ఇంకోటి తెచ్చి చూపిస్తున్నవేమో అనుకున్న. నిద్ర పట్టకపోతుండె అమ్మా."

క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. చాయ్ తాగి పొమ్మంటే వద్దన్నాడు. పుంజును చంకలో పెట్టుకుని, ఒక్కో మెట్టూ కర్రతో కొలుచుకుంటూ పైకి పోయాడు. సాయంత్రం తమ్ముడి కొడుకు వచ్చి పెట్టలను, పెట్టెను, మిగిలిన ఊక సంచిని మేడ మీదికి చేర్చాడు.

మర్నాటి పొద్దున వాకిలి గోదది. పాత ఊక మొత్తం ఊడ్చి పారేసింది. నాలుగు బకెట్లు నింపింది. ఫినాయిలు సీసా మూత తిప్పి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బిగించి పక్కన పెట్టింది. మొదటి బకెట్టు కుమ్మరించింది. బండలు తమ నల్లటి నిగారింపుతో బయటపడ్డాయి. రెండు నెలల తర్వాత ఆమె ఒళ్ళు తేలికపడింది.

అప్పుడు మెట్ల మీంచి దబ్ దబ్‌మని చప్పుడు. దొర ఒక్కో మెట్టూ దిగి వస్తున్నాడు, కుడికాలు కాస్త ఎడంగా పెడుతూ. కింది మెట్టు మీంచి నేరుగా తన ఊక ఉండే చోటికి దూకాడు. ఊక లేదు. తల ఒక పక్కకు తిప్పి బండలను చూశాడు, ఆమెను చూశాడు, తోక ఎత్తి రెట్ట వేశాడు.

"ఛీ, పో పైకి."

పోలేదు. గోదలో పాత అసహ్యం ఎప్పటిలాగే, ఒక్క రవ్వ కూడా తగ్గకుండా లేచింది. కుమ్మరించిన నీళ్ళు బండల సందు పట్టుకుని, రెట్టను కలుపుకుని, వాడి కుడి పాదం వైపు పాకుతున్నాయి. ఆమె రెండంగల్లో వెళ్ళి తన చెప్పుల్లేని పాదాన్ని ఆ ధారకు అడ్డంగా పెట్టింది. చల్లగా, జిగటగా వేళ్ళ మధ్యకు చేరింది.

"డానియేలన్నా," అని పైకి కేకేసింది. "ఆ ఊక సంచి పైనుంచే విసిరెయ్యి."

పైన కర్ర చప్పుడు మెల్లగా పిట్టగోడ దాకా వచ్చింది. సంచి కడిగిన బండల మీద పడి పగిలింది. గోద ముక్కు మూసుకుంది.